ఛాయాదేవి చూడని సోమవారం

రామ్మోహనరావు పిరికివాడని నాచారంలో ఆ కాలనీ అంతటికీ తెలుసు. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందేమోనని మెట్లెక్కే మనిషి. అలాంటి మనిషికి ఛాయాదేవిలాంటి భార్య ఎలా దొరికిందా అని అందరూ ముక్కున వేలేసుకునేవారు.

"దొరకడమేమిటి, నేనే ఏరుకున్నాను. సంచులు మోస్తాడు, ఎదురు చెప్పడు" అనేదావిడ.

ఆవిడ పోయి ఏడాదయింది. సంవత్సరీకాలు పెట్టిన మర్నాడు కూతురు ఉదయశ్రీ కాఫీ అందిస్తూ మాట కదిపింది.

"నాన్నా, అమ్మ పేరు చెప్పుకుని అందరం ఎటైనా వెళ్ళొద్దాం. ఓ నాలుగు రోజులు."

"వెళ్దాం. ఆదివారం రాత్రికి మాత్రం ఇంట్లో ఉండాలి."

"అవును మరి. అయితే శుక్రవారం మధ్యాహ్నమే బయల్దేరాలి" అంది ఉదయశ్రీ ఫోన్లో తారీకులు చూస్తూ.

నేలమీద బొమ్మలేసుకుంటున్న మనవరాలు హరిత తలెత్తింది. "ఆదివారం రాత్రికే ఎందుకు తాతయ్యా? నాకు దసరా సెలవులేగా."

తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఆ ఎందుకు ఇప్పుడు లేదని ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

ఛాయాదేవికి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక వారం వారం సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే డయాలసిస్. శుక్రవారం మధ్యాహ్నం సూదులు తీసి పట్టీ వేయడమే ఆలస్యం, చిల్కానగర్ ఉప్పలయ్య ఆటోలో ఎక్కి "పద ఉప్పలయ్యా, రింగురోడ్డుకి" అనేది. అక్కడ బస్సెక్కితే మళ్ళీ ఆదివారం రాత్రికి దిగడం. ఆ మధ్యలో ఎంత దేశం పడితే అంతా చూసింది. కోటలూ, గుహలూ, జలపాతాలూ. రక్తం తీసే చేతికి ఆపరేషన్ చేశాక అక్కడ నరం లోపల ఝుమ్మని ఒకటే అదురు. "నా చేతిలో తుమ్మెద ఉంది, ముట్టుకుని చూడండర్రా" అని బస్సులో పిల్లలందరికీ చూపించేది. రామ్మోహనరావు రాత్రిళ్ళు ఆ చేతిమీద వేలుంచుకునే నిద్రపోయేవాడు. తుమ్మెద తిరుగుతోందంటే అంతా బాగున్నట్టే.

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి ఆర్టీసీలో జీరో టికెట్ అయ్యాక ఆవిడకి పట్టపగ్గాల్లేవు. "నాకు ఊరికే. మీకు మాత్రం కొనాలండీ, లగేజీ కదా" అని ఏడిపించేది.

అన్ని ఊళ్ళు చూసినా సోమవారం పొద్దు మాత్రం ఎక్కడా చూడలేదు. ములుగు దాటాక ఓ చిన్న ఊళ్ళో సాలమ్మ టీ హోటల్ ఉంది. వెళ్ళినప్పుడల్లా సాలమ్మ బతిమాలేది.

"సోమారం అంగడి జూసి పోరాదే అక్కా! మేకలు, కోళ్ళు, తేనె, గంపలు... మస్తుంటది."

"సోమవారం ఆ మిషను నాకోసం బెంగపెట్టుకుంటుందే సాలమ్మా."

తిరుగు బస్సులో మాత్రం భర్తని మోచేత్తో పొడిచి, "ఏవండీ, ఆ అంగట్లో ఓ మేకపిల్లని బేరమాడాలని ఉందండీ" అంది ఒకసారి.

"మనకి మేకెందుకు?"

"కొనడానికి ఎవరన్నారు? బేరమాడ్డానికి!"

రామ్మోహనరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మాయ్, మీరు తరవాత ఎటైనా వెళ్ళండి. నేను ఈ ఆదివారం సాలమ్మ ఊరెళ్తాను. ఒక్కణ్ణే."

"ఒక్కరా? హబ్సిగూడ వెళ్ళడానికి రెండుసార్లు ఫోన్ చేసి దారడుగుతారు మీరు!"

గేటు దగ్గర టీ తాగుతున్న ఉప్పలయ్య అందుకున్నాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. బస్సు నేనెక్కిస్త. దిగుడు మాత్రం సారే దిగాలె."

ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్ రింగురోడ్డులో వరంగల్ బస్సులు జనాన్ని దింపుతున్నాయి. ఎప్పుడూ తాను దిగే రోజున ఇవాళ రామ్మోహనరావు ఎక్కాలి. ఓ మెట్టెక్కి వెనక్కి దిగాడు.

"ఏంది సార్, మర్లిపోదామా?" అన్నాడు ఉప్పలయ్య.

సంచీలో చెయ్యి పెడితే ఆ బుల్లి నీళ్ళసీసా తగిలింది. రోజుకి ఇంతకు మించి తాగకూడదని డాక్టరు చెప్పిన నీళ్ళు ఛాయాదేవి కొలిచి పోసుకునేది అందులోనే. ఆవిడ గుటకలు లెక్కపెట్టుకుంటుంటే తనకి తాగబుద్ధయ్యేది కాదు, బయటికెళ్తే తనూ దాంట్లోనే రెండు గుక్కలు. అలవాటుకొద్దీ నింపి తెచ్చుకున్నాడు. మూత తీసి ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. పక్కకొట్లో పెద్ద సీసా కొన్నాడు.

"పోనీయ్ ఉప్పలయ్యా" అన్నాడు, బస్సు నడిపేది ఉప్పలయ్యే అయినట్టు. ఎక్కేశాడు.

సాలమ్మ వసారాలో నులకమంచం వేసింది. అక్కని తలుచుకుని కాసేపు ముక్కు చీదింది, ఆ వెంటనే జొన్నరొట్టె పెట్టి "ఇంకోటి తిను బావా" అని దబాయించింది. తెల్లారగట్ల మేకల అరుపులకి మెలకువొచ్చింది రామ్మోహనరావుకి. ఎక్కడికీ పరుగెత్తక్కర్లేని సోమవారం. మంచంమీదే కాసేపు కూర్చుని ఊరు నిద్ర లేవడం చూశాడు.

అంగట్లో చెవులు వేలాడేసుకున్న ఓ గోధుమరంగు మేకపిల్ల దగ్గర ఆగాడు. ఛాయాదేవి పద్ధతి ఆయనకి కంఠతా వచ్చు: చెప్పినదాంట్లో సగానికి సగం అడగడం, మూతి విరవడం, వెళ్ళిపోతున్నట్టు నడవడం. అడిగాడు, విరిచాడు, నడిచాడు.

వెనకనుంచి కేక వినిపించింది. "ఆగు సారూ! పొద్దుగాల బోణి బేరం. నీ మాటే కానియ్యి, పట్కపో!"

ఇది పద్ధతిలో లేదు. కొనను అనలేక డబ్బు తీసి లెక్కపెట్టాడు. వెంట వచ్చిన సాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

మధ్యాహ్నం బస్సులో కండక్టరు ఆయన ముందు నిలబడ్డాడు. "గిదేంది సార్?"

"మేకపిల్ల."

"కనబడ్తుంది. దీనికి టికెట్ గావాలె."

ఒళ్ళో మేకపిల్ల గుండె ఆయన వేలికింద గబగబా కొట్టుకుంటోంది. రామ్మోహనరావు గొంతు సవరించుకున్నాడు. "ఆడపిల్లేనయ్యా. జీరో టికెట్ కొట్టు."

కండక్టరు తడుముకోలేదు. "అట్లైతే ఆధార్ కార్డు సూపియ్యమను."

బస్సు బస్సంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు రామ్మోహనరావే. కళ్ళు తుడుచుకుని, లగేజీ టికెట్ కొని, ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, రాత్రికల్లా వచ్చేస్తాను. ఉప్పలయ్యని రింగురోడ్డుకి రమ్మను. నీ గులాబీ కుండీలు మాత్రం మేడమీద పెట్టించు."

"కుండీలెందుకు నాన్నా?"

ఆయన చెప్పేలోగా మేకపిల్లే చెప్పింది.