పసుపుతో సరితూచిన పొగాకు

మా ఆయన పెద్దసుబ్బయ్యకు మైదుకూరు బజారులో కిరాణా అంగడి ఉంది. ఆయన తూకం మీద ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. జీలకర్ర తూచినా బెల్లం తూచినా తక్కెడ ముల్లు నిటారుగా నిలబడాలి, ఆపైన ఇంకో చిటికెడు కొసరు పడాలి. కొసరు వేయకుండా పొట్లం కట్టడం ఆయన వంశంలోనే లేదు. మంచిదే. ఆ తక్కెడను అంగడిలోనే ఉంచుకుని ఉంటే ఇంకా మంచిది. ఈ మహానుభావుడు దాన్ని తన నోటి దాకా తెచ్చాడు కాబట్టే నేనింత చెప్పాల్సి వస్తోంది.

ఆయనకు పొగాకు అలవాటు. పొద్దున లేచింది మొదలు ఎడమ దవడలో సున్నం కలిపి నలిపిన ఉండ పెట్టుకుని కూర్చుంటాడు. రెండువేల ఆరు వేసవిలో ఒకనాడు ఆయన ఆవలిస్తుంటే చూశాను. సరిగ్గా ఆ ఉండ ఉండే చోట రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ. మా బావగారికి, అంటే ఈయన సొంత అన్నకు, అట్లాగే మొదలైంది. మొదట మచ్చ, తర్వాత పుండు, ఆఖరికి పాలు కూడా మింగలేక ప్రాణం వదిలాడు. డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే ఈయన వినడు.

"సున్నానికి కాలింటాదిలే," అంటాడు. మళ్లీ ఉండ పెడతాడు.

ఇక నాతో కాక, కడపలో డిగ్రీ చదివే మా కూతురు ఉదయశ్రీని పిలిపించాను. బయోకెమిస్ట్రీ చదువుతోంది కదా, నాలుగు మాటలు చెప్పి భయపెడుతుందని నా ఆశ. ఆదివారం అన్నాల దగ్గర మొదలుపెట్టింది.

"నాయనా, మన ఒంట్లో ప్రతి కణంలో డీఎన్‌ఏ అని ఒకటి ఉంటాది. కణం ఎట్ల పెరగల్ల, ఎప్పుడు ఆగల్ల అని చెప్పేది అదే. పొగాకు దాన్ని దెబ్బతీస్తాది. దెబ్బలు ఎక్కువైతే కణానికి ఆగడం తెలీదు. క్యాన్సరంటే అదే."

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. చదువుకున్న పిల్ల కదా, ఆపదు.

"పసుపు, టమాటా, తెల్లగడ్డలు, ఆకుకూరలు, వీటిల్లో ఉండే కొన్ని పదార్థాలు ఆ దెబ్బల్ని కొంత అడ్డుకోవచ్చేమోనని పరిశోధనలు చేస్తాండారు," అంది.

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "కొంత అంటే ఎంత?"

"అదింకా తేలలేదు నాయనా. శానావరకు ల్యాబుల్లో చూసిందే."

"ఎవురూ తూచలేదా?"

"తూచేది కాదు నాయనా అది."

"నేను తూస్తాలే," అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఏలకులు తూచే చిన్న తక్కెడ అంగడిలోంచి వంటింట్లోకి వచ్చింది. ఒక పళ్లెంలో పొగాకు, రెండో పళ్లెంలో పసుపు. ముల్లు నిలబడగానే పసుపు మీద ఇంకో చిటికెడు వేశాడు. అదెందుకని అడిగాను.

"ఒంటికి కొసరు," అన్నాడు.

పొగాకు దవడలోకి పోయింది, పసుపు మజ్జిగలో కలిసి గొంతులోకి పోయింది. మీసం తుడుచుకుని దర్జాగా అంగడికి పోయాడు. ఇక రోజూ అదే తంతు. అంతకుముందు నాకు భయపడి చాటుగా నమిలేవాడు. ఇప్పుడు సరితూచిన సరుకు కదా, నా ఎదురుగానే నమలడం, అదీ రెండింతలు. పైగా అంగడిలో పొగాకు కొన్నవాళ్లందరికీ పసుపు కొసరు వేయడం మొదలుపెట్టాడు. తనకు పాపం అంటకూడదట. నేను తలబాదుకున్నాను.

రెండు వారాలు తిరిగేసరికి మనిషి పసుపు రంగుకు తిరిగిపోయాడు. పళ్లు, నాలుక, మీసం కొసలు, పంచె అంచు, అన్నీ పసుపే. మాకు ఎప్పటినుంచో వాడుక అయిన రైతు కంబన్న అంగడి మెట్లెక్కి, ఆయన నోరు చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఏమప్పా శెట్టీ, కామెర్లు వచ్చిండాయా?"

కాదంటే కంబన్న నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే కామెర్ల పసరు గ్లాసుతో పట్టుకుని వచ్చి, తాగేదాకా కదలనన్నాడు. ఊరికే వచ్చిన సరుకును కాదనడం మా ఆయనకు చేతకాదు. తాగాడు. ఆ రోజంతా అంగడిలో కంటే పెరట్లోనే ఎక్కువసేపు గడిపాడు. నేను నవ్వలేదని చెప్తే అబద్ధం అవుతుంది. కానీ సాయంత్రం మళ్లీ తక్కెడ ముందు కూర్చోవడం చూశాక నా నవ్వు ఎగిరిపోయింది.

"ప్రొద్దుటూరు పోయి పళ్ల డాక్టరుకు చూపిద్దాం పాండి," అన్నాను. "మచ్చ తగ్గిందంటే మీ తక్కెడ గెలిచినట్టు. నేను మళ్లా నోరెత్తను."

నా నోరు మూతపడుతుందంటే ఏ మగాడికి ఆశ పుట్టదు? ఉతికిన చొక్కా వేసుకుని ముందుగా ఆయనే బస్సెక్కాడు.

డాక్టరు మురళి చిన్న వయసువాడే. టార్చి వేసి అటు చూశాడు, ఇటు చూశాడు.

"శెట్టిగారూ, పసుపు పూసిన గడప మాదిరి ఉండాది మీ నోరు. మచ్చ యాడ మొదలై యాడ అయిపోతాందో నాకు కనపడ్డంలే. ఏం చేస్తాండారు?"

మా ఆయన తక్కెడ సంగతి, కొసరుతో సహా, గర్వంగా చెప్పాడు. డాక్టరు వెంటనే లేచి పోయి చేతులు కడుక్కున్నాడు. వీపు అదురుతోంది. తిరిగి వచ్చేసరికి మాత్రం ముఖంలో నవ్వు లేదు.

"పప్పులో పసుపు వేసుకోండి, ఆకుకూర తినండి, టమాటాలు తినండి. మంచి తిండే. కానీ అది తిండి, పొగాకుకు విరుగుడు కాదు. మీరు ఇంటికి ఒకపక్క నిప్పు పెడతా, ఇంకోపక్క చెంబుతో నీళ్లు చల్లుతాండారు. పొగాకు ఈరోజే మానండి. ఆ పసుపు మజ్జిగా మానండి. పదహైదు రోజులకు రాండి. అప్పటికీ మచ్చ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

"పొగాకుకు సరితూగేది ఏదీ లేదంటావా అప్పా?" అన్నాడు మా ఆయన.

"లేదు పెద్దాయనా."

బస్సులో నేను తిట్లన్నీ వరుసలో పేర్చుకుంటున్నాను, బస్సు ఊరు దాటగానే అందుకుందామని. అంతలో ఆయనే కిటికీలోకి చూస్తూ అన్నాడు.

"ఉగాది నుంచి కారం తగిల్తే మండుతాండాది ఆడ. నువ్వు చూడకముందే నేను అద్దంలో చూసుకున్నా ప్రమీలా. అన్నకు వచ్చిందే నాకూ వచ్చిందనుకున్నా. డాక్టరు ఏమంటాడోనని కాళ్లు రాలేదు. పసుపన్నా సరిపోతాదేమోనని తూచినా."

ఇన్నాళ్లూ ఈ మనిషి నా ఎదురుగా కూర్చుని చిటికెడు చిటికెడు వేసుకున్నది భయంతోనని నాకు తట్టనే లేదు. ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. నా నోరు కదా, కోపమే ముందు బయటికొచ్చింది.

"పొగాకు ఇట్లియ్యండి," అన్నాను.

చొక్కా జేబులోంచి ఒక పొట్లం తీశాడు. నడుముకు దోపుకున్నది ఇంకొకటి. గొడుగు మడతలోంచి మరొకటి.

"అంతేనా?"

కాసేపు ఆలోచించి, నా సంచిలో చెయ్యి పెట్టి, కుంకుమ భరిణె కింద నుంచి ఇంకొకటి లాగాడు. నా సంచిలోనే. అన్నీ కిటికీలోంచి విసిరేశాను. ముందు సీట్లో ఆమె తిరిగి తిరిగి చూసింది, చూసుకోనీ.

చాలా దూరం పోయాక ఆయన మెల్లగా అడిగాడు.

"ముక్క తీసేటప్పుడు నిన్ను లోపలికి రానిస్తారంటావా?"

"రానీకుంటే ఆ డాక్టరు సంగతి నేను చూస్తా," అన్నాను.