జర చెయ్యెయ్యి

"గీ స్టూలు ఎవరు పెట్టిన్రు గీడ?"

నర్సు సుజాత గొంతుకు పక్క మంచాల వాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. మధ్యాహ్నపు ఎండకు సర్కారు దవాఖాన వార్డంతా ఉడికిపోతోంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడే గాని గాలి లేదు.

ప్రభుదాస్ మంచం కాళ్ల వైపు ఇటుకల మీద ఎత్తు చేసి ఉంది. అతని కుడికాలికి మోకాలి కింద నుంచి రెండు పక్కలా పట్టీలు అంటించి, పైన గుడ్డ కట్టు చుట్టారు. పట్టీలకు కట్టిన తాడు మంచం చివర గిలక మీదుగా కిందికి దిగింది. తాడు కొసన ఇసుక పోసిన చిన్న బియ్యం సంచి. ఆ సంచి గాలిలో వేలాడాలి. ఇప్పుడు మాత్రం ప్లాస్టిక్ స్టూలు మీద హాయిగా కూర్చుని ఉంది.

మంచం పక్కన నిలబడ్డ భద్రు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ప్రభుదాస్‌తో పాటు మిర్యాలగూడ బయటి రైసుమిల్లులో హమాలీ పని చేసే మనిషి. పొద్దున్నే తండా నుంచి నేరుగా ఇక్కడికొచ్చాడు.

"నేనే పెట్టిన సిస్టర్. బరువుకు అన్న తిప్పలు పడుతుండు. సూడబుద్ధి గాలే."

"నీకు సూడబుద్ధి గాకపోతే బయట కూసో. తొడ ఎముక ఇరిగింది ఆయనకు. గుంజుడు ఆగితే కండలు బిగుసుకొని ఇరిగిన ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతయి. ఆపరేషన్ అయ్యేదాక గీ సంచి గాల్లనే ఉండాలె. సమజైందా?"

సుజాత ఒక చేత్తో సంచిని పట్టుకుని, ఇంకో చేత్తో స్టూలు లాగేసి, బరువును మెల్లగా తాడుకు వదిలింది. ప్రభుదాస్ భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగినా అరవలేదు. సుజాత పక్క వార్డుకు వెళ్లిపోయింది.

భద్రుని తప్పు పట్టడం తేలికే. కాని హమాలీల్లో ఒక పద్ధతి ఉంది. ఒకడు బరువు మీద ఉంటే ఇంకొకడు ఊరికే చూస్తూ నిలబడడు. "జర చెయ్యెయ్యి" అన్న మాట వినబడితే తింటున్న ముద్ద పక్కన పెట్టి లేస్తారు. కులం అడగరు, పాత కోపాలు గుర్తు తెచ్చుకోరు. చెయ్యేసి బస్తా దించాకే మళ్లీ కోపాలు. ఇరవై ఏళ్లుగా భద్రు చేతులు నేర్చుకున్నది ఆ ఒక్క మాటే. బరువు దించితే మనిషికి మేలు కాదని చెప్పిన వాళ్లు అతనికి ఇప్పటిదాకా తగల్లేదు.

నిన్న మాత్రం చెయ్యేసే వ్యవధి దొరకలేదు. మిల్లులో బస్తాల నెట్టు నెల రోజులుగా ఒక పక్కకు ఒరిగి ఉంది. విప్పి మళ్లీ పేర్చాలని హమాలీలు ఎన్నోసార్లు చెప్పారు. లారీ వెళ్లాక చూద్దామన్నారు మిల్లువాళ్లు. ఒక లారీ వెళితే ఇంకో లారీ వచ్చేది. నిన్న పొద్దున పై వరస జారి ప్రభుదాస్ తొడ మీద పడింది. మిల్లులో కూలి బస్తాకు ఇంతని కడతారు. లారీలోకి ఎక్కిన బస్తాకే ఆ లెక్క, మనిషి మీద పడ్డ బస్తాకు లేదు.

ప్రభుదాస్ భార్య ఎస్తేరు గ్లాసులో టీ పట్టుకుని వచ్చేసరికి ఆమె వెనకే మిల్లు గుమాస్తా వీరభద్రం వచ్చాడు. చేతిలో ఆపిల్ పండ్ల కవరు, వెనకాల కారు డ్రైవరు. ఎస్తేరు అదే మిల్లు కళ్లంలో వడ్లు ఊడుస్తుంది. గుమాస్తాను చూడగానే అలవాటు ప్రకారం పక్కకు తప్పుకుంది.

"ఎలా ఉంది ప్రభుదాసూ? రాత్రంతా ఓనరుగారికి నిద్ర లేదంటే నమ్ము," అన్నాడు వీరభద్రం. ఆ నిద్ర లేనాయన మాత్రం రాలేదు.

"నొప్పిగున్నది సారూ," అన్నాడు ప్రభుదాస్.

"ఉండదూ మరి! ఈ ఇసుక మూట కాలికి కట్టుకుని ఎన్నాళ్లు పడుకుంటావు? కోదాడ అవతల కట్టు కట్టే ఆయన ఉన్నాడు. కారు తెచ్చాను. ఖర్చంతా మిల్లుదే." గొంతు తగ్గించాడు. "సాయంత్రం పోలీసాయన వాంగ్మూలానికి వస్తాడట. ఆలోగా వెళ్లిపోతే అందరికీ మంచిది. ఎవరన్నా అడిగితే బైకు మీంచి పడ్డానని చెప్పు."

ఎస్తేరుకు అదే మిల్లులో హమాలీగా చేసిన కొమురయ్య గుర్తొచ్చాడు. మూడేళ్ల కింద బస్తా పడి కాలు విరిగితే ఆయన్నీ కారులోనే తీసుకుపోయారు. ఇంట్లో మంచం మీంచి పడ్డానని ఆయనతో చెప్పించారు. మిల్లు నుంచి రావలసిన పరిహారం ఆ మాటతోనే పోయింది. ఎముక వంకరగా అతుక్కుని కాలు నాలుగు వేళ్లంత పొట్టిదైంది. ఇప్పుడు మిల్లు గేటు దగ్గర కూర్చుంటాడు. హమాలీలు టీ తాగేటప్పుడు తలా ఒక గుక్క ఆయన గ్లాసులో వంచుతారు.

"ఆపరేషన్ చేస్తమన్నరు సారూ. రక్తం తక్కువున్నదంట, ఎక్కించినంక చేస్తరంట," అంది ఎస్తేరు.

"రాడ్డు వేస్తే ఇక బస్తా మోస్తాడా? ఆలోచించుకో. మోయలేనివాడికి మిల్లు గది ఎందుకిస్తారమ్మా? నా మాట వింటే గదికి నేను పూచీ."

గది పోతే పోనీ అని ఎస్తేరు అనుకోలేకపోయింది. మిల్లు ఇచ్చింది రేకుల గదే కానీ, ఇద్దరు ఆడపిల్లలు నిద్రపోయేది అందులోనే. ఆమెకు భయమేసింది. భయం కన్నా ఎక్కువగా అలసట కమ్మింది. ఎవరో ఒకరు తీసుకుపోతే పోదామనిపించేంత అలసట.

ఆమె మాట్లాడకపోయేసరికి వీరభద్రం పని అయిపోయిందనుకున్నాడు.

"ఇదిగో డ్రైవరూ, ఆ పక్క పట్టుకో. భద్రూ, చూస్తావేం? మూట తీసెయ్. చెయ్యెయ్, చెయ్యెయ్."

భద్రు చేతులు వాటంతట అవే ముందుకొచ్చాయి. సంచి కింద అరచేతులు చాపాడు. ఇంక ఎత్తడమే తరువాయి.

"చెయ్యెయ్యకు భద్రూ."

ప్రభుదాస్ గొంతు అది. తువ్వాలు నోట్లోంచి తీసేసి తల కొంచెం పైకెత్తాడు. ఏళ్ల తరబడి ఎన్ని బస్తాల కింద నుంచి భద్రును కేకేశాడో అతనికే తెలియదు. ఒక్కసారి కూడా ఈ మాట అనలేదు.

"నొప్పైతే నొప్పి కానియ్యి. నువ్వు చెయ్యి తియ్యి, తమ్మీ."

భద్రు చేతులు వెనక్కి తీసుకున్నాడు. వీరభద్రం విసుక్కుంటూ తనే సంచి వైపు వంగాడు. ఎస్తేరు టీ గ్లాసు కింద పెట్టి మంచానికీ అతనికీ మధ్య నిలబడింది.

"ముట్టకు సారూ. పోలీసాయన వచ్చేదాక మేం గీడనే ఉంటం. మిల్లుల నెట్టు ఈయన మీద పడ్డదనే చెప్తం."

వీరభద్రం ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. పండ్ల కవరు తీసుకున్నాడు. వరండాలోకి వెళ్లి ఫోను చేశాడు. గది, తాళం అన్న రెండు మాటలు వార్డులోకి స్పష్టంగా వినబడ్డాయి.

"పిల్లలు ఇస్కూల్ల నుంచి ఏడికొస్తరే?" అన్నాడు ప్రభుదాస్.

ఎస్తేరు పక్కనున్న స్టూలు లాక్కుని, సంచికి ఎదురుగా దాని మీద కూర్చుంది. టీ చల్లారిపోయింది. ఇసుక సంచి గాలిలో ఇంకా కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంది.