పొయ్యి అద్దం

దియ కాలేజీకి సెలవు పెట్టి ఇంటికి వచ్చేసిన ఐదో వారంలో ఐస్ స్టార్మ్ వచ్చింది. వాన పడ్డది పడ్డట్టే గడ్డకట్టి, చెట్ల కొమ్మలు కరెంటు తీగల మీద విరిగి పడ్డాయి. వాళ్లుండే ట్రాయ్‌లో సగం ఊరికి మూడు రోజులు కరెంటు లేదు.

దియ తండ్రి శ్యామ్‌సుందర్ ఆ ఇల్లు కొని పదకొండేళ్లు. ఫ్యామిలీ రూమ్ మూలలో పాత ఓనర్లు వదిలి వెళ్లిన కట్టెల స్టవ్ ఒకటుంది. నల్లటి ఇనప పెట్టె, దానికి ముందువైపు అద్దం తలుపు. దాన్నెప్పుడూ వెలిగించలేదు. అతని భార్య రేణు దాని మీద మనీ ప్లాంట్ పెట్టుకుంది. రెండో రోజుకి ఇంట్లోనే నోట్లోంచి ఆవిరి రావడం మొదలయ్యాక, పక్కింటాయన వచ్చి పొగగొట్టం చూసి పర్లేదన్నాడు. నాలుగు కట్టెలు కూడా ఆయనే ఇచ్చాడు. శ్యామ్‌సుందర్ కుండీ దించి పొయ్యి వెలిగించాడు.

మంట అందుకున్న అరగంటకి దియ మెట్లు దిగి వచ్చింది.

అయిదు వారాలుగా ఆ పిల్ల పైగదిలోంచి బయటికి రాలేదు. ప్లేటు తలుపు దగ్గర పెడితే సగం తిని మిగతాది అక్కడే పెట్టేది. ఎవరైనా ఏమన్నా అన్నారా, మార్కులు తగ్గాయా, ఎవరైనా అబ్బాయి గొడవా అని రేణు వందసార్లు అడిగింది. "ఐ యామ్ ఫైన్ అమ్మా" అనేది, గోడ వైపు తిరిగి. ఫ్యామిలీ డాక్టర్ చూసి, సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలన్నారు. అపాయింట్‌మెంట్‌కి ఎనిమిది వారాలు ఆగమన్నారు. పంతొమ్మిదేళ్ల పిల్ల అన్నేసి రోజులు నిద్రపోతుంటే చూస్తూ ఎనిమిది వారాలు ఎలా ఆగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

దియ దుప్పటి కప్పుకుని వచ్చి స్టవ్ ఎదురుగా కార్పెట్ మీద కూర్చుంది. మోకాళ్ల మీద గడ్డం ఆనించి మంట చూస్తూ ఉండిపోయింది. కిచెన్‌లోంచి చూస్తున్న రేణు భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పలకరించకండి. అలా కూర్చోనివ్వండి" అంది గొంతు తగ్గించి.

కరెంటు వచ్చాక కూడా శ్యామ్‌సుందర్ స్టవ్ వెలిగించడం మానలేదు. ఊరి బయట కట్టెలమ్మే డేల్ అనే ముసలాయన దగ్గర ఒక ట్రక్కు కట్టెలు తెప్పించి గరాజ్‌లో పేర్పించాడు. దియ రోజూ దిగి వచ్చేది. అయితే రెండు రోజులకే అద్దమంతా మసి పట్టి నల్లగా అయిపోయింది. లోపల మంట ఉందో లేదో కూడా తెలియడం లేదు. దియ ఆ నల్లటి అద్దం ముందే కూర్చుంది. సాయంత్రం అతను ఆఫీస్ నుంచి రాగానే తల తిప్పకుండా అంది.

"డాడీ, ఫైర్ కనపడట్లేదు."

ఆ పిల్ల ఇంటికి వచ్చాక తనంతట తాను అన్న మొదటి మాట అది. శ్యామ్‌సుందర్ బ్యాగు కింద పెట్టి అద్దం ముందు వంగి చూశాడు.

అతను కార్లకి బ్రేకులు డిజైన్ చేసే ఇంజినీర్. ఇరవై రెండేళ్లుగా ఏది ఎందుకు పనిచేయడం లేదో కనిపెట్టి బాగుచేయడమే అతని పని. కూతురి విషయంలో ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక తిరుగుతున్న మనిషికి, చెయ్యి పెట్టడానికి ఒక అద్దం దొరికింది.

మర్నాడు పొద్దున్నే, స్టవ్ చల్లారాక, వంటింట్లో కౌంటర్ తుడిచే స్ప్రే కొట్టి రుద్దాడు. మసి నూనెలా సాగింది తప్ప పోలేదు. వెనిగర్‌తో రుద్దాడు. కొంచెం పోయింది. రేణు కాసేపు చూసి, "మా అమ్మమ్మ అంట్లు బూడిదతో తోమేది. లోపల అంత బూడిద ఉంది కదా" అంది. ఇంట్లో న్యూస్ పేపర్ ఎక్కడుంది? ఇండియన్ స్టోర్ వాళ్ల సేల్ కాగితం నలిపి, నీళ్లలో తడిపి, మెత్తటి బూడిదలో అద్ది రుద్దింది. గోధుమరంగు మరక మెల్లగా విడిపోయి, అద్దంలోంచి లోపలి ఇటుకలు కనిపించాయి. ఇద్దరూ పిల్లల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ రోజు దియ అద్దాన్ని చూసి "ఓ, నైస్" అంది. ఆ రెండు మాటలు పట్టుకుని రేణు రోజంతా వంట చేసింది.

అప్పటినుంచి రోజూ అదే పని. ఆఫీస్‌కి వెళ్లేముందు మోకాళ్ల మీద కూర్చుని అద్దం తోమడం, సాయంత్రానికి అది మళ్లీ నల్లబడటం. శ్యామ్‌సుందర్ గాలి తూము ఎక్కువ తెరిచి చూశాడు, తక్కువ తెరిచి చూశాడు, కట్టెలు అడ్డంగా పెట్టాడు, నిలువుగా పెట్టాడు. చివరికి డేల్‌కి ఫోన్ చేశాడు. ఆయన మచ్చుకి ఒక కట్టె చీల్చి చూడమన్నాడు. లోపల తడిగా ఉంది.

కట్టెలు పచ్చివి, అందుకే పొగ, అందుకే మసి అని చెప్పాడు డేల్. బాగా ఎండినవి జనవరికే అమ్ముడుపోయాయట. మరి వీటిని త్వరగా ఎండబెట్టే మార్గం లేదా అంటే, చీల్చిన కట్టె ఎండటానికి ఏడాది పడుతుంది, తొందరపెడితే ఎండదు అన్నాడు. ఈ చలికాలానికి తుడుచుకుంటూ ఉండటం తప్ప ఇంకేం లేదని, పాపం మంచిగానే చెప్పాడు.

మార్చి రెండో వారంలో దియ ఆ సగం అన్నం కూడా తినడం మానేసింది. స్టవ్ దగ్గరికి మాత్రం వచ్చి కూర్చునేది. కళ్లు మంట మీదే ఉండేవి, చూస్తున్నట్టు ఉండేది కాదు. రేణు రోజూ క్లినిక్‌కి ఫోన్ చేసి ఎవరైనా క్యాన్సిల్ చేసుకున్నారా అని అడిగేది. లేదనేవాళ్లు.

శనివారం మధ్యాహ్నం శ్యామ్‌సుందర్ అద్దం తోముతుంటే మధ్యలో తెల్లటి మచ్చ ఒకటి ఎంత రుద్దినా పోలేదు. అద్దంలోకే దిగిపోయినట్టుంది. పక్కనే దియ కూర్చుని ఉంది. అతను తలుపు ఊడదీసి, అద్దం బయటికి తీసి, రెండు వైపులా రుద్దాడు. మచ్చ అలాగే ఉంది. మళ్లీ అద్దం పెట్టి స్క్రూలు బిగించాడు. వేడికి అద్దం కొంచెం సాగుతుందని, దానికి చోటు వదిలి వదులుగా బిగించాలని అతనికి తెలుసు. అలాంటివే ఆఫీస్‌లో కుర్రాళ్లకి నేర్పుతాడు. అయినా ఆ మచ్చనే చూస్తూ ఇంకో చుట్టు, ఇంకో చుట్టు తిప్పాడు. టక్‌మని శబ్దం వచ్చింది. పై మూల నుంచి కింది మూల దాకా గీత పడింది.

"వదిలెయ్ డాడీ" అంది దియ.

"పర్లేదమ్మా, కొత్తది ఆర్డర్ చేస్తా. వన్ వీక్‌లో వచ్చేస్తుంది. ఎండిన కట్టెలు కూడా ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, నేను వెతుకుతా..."

"నో, అది కాదు." ఆ పిల్ల మాటలు వెతుక్కుంది. "నువ్వు డైలీ క్లీన్ చేస్తావ్. నేను చూడాలి అని. నాకు చూడాలని లేదు డాడీ. ఫస్ట్ డే బాగుంది. తర్వాత లేదు. నేను రాకపోతే నువ్వు శాడ్ అవుతావ్ అని వస్తున్నా."

శ్యామ్‌సుందర్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"మరి నన్నేం చేయమంటావ్ నాన్నా? చెప్పు. ఏదైనా చేస్తా."

"ఐ డోంట్ నో." దియ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. "తెలిస్తే నేనే చేస్తా కదా."

అతను ముందుకి జరిగాడు. మసి చేతుల్తోనే కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. ఆ పిల్ల తల అతని భుజం మీద బరువుగా ఆగింది, అంతే. చేతులు ఎత్తి పట్టుకోలేదు. లాండ్రీ బుట్టతో వచ్చిన రేణు గుమ్మంలోనే నిలబడిపోయింది.

మంగళవారం క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఎవరో మానుకున్నారట. శ్యామ్‌సుందర్ మీటింగ్ మధ్యలోంచి లేచి వచ్చేశాడు. దియ ఎదురుచెప్పకుండా స్వెటర్ వేసుకుని కారెక్కింది.

డాక్టర్ దియనొక్కదాన్నే లోపలికి పిలిచారు. రేణు వారం వారం తను రాసుకున్న కాగితం తీసింది, ఏ రోజు ఏం తిన్నదీ, ఎన్ని గంటలు పడుకున్నదీ. డాక్టర్‌కి ఇవ్వొచ్చా అని అడిగితే, రిసెప్షన్‌లో అమ్మాయి మర్యాదగా తీసుకుంది. మేం మాట్లాడొచ్చా అంటే మాత్రం, పేషెంట్ అడల్ట్ కాబట్టి ఆమె ఒప్పుకుంటేనే అంది. ఒప్పుకుందా అని రేణు అడిగింది. ఇంకా చెప్పలేదంది.

"మన పిల్ల గురించి మనకి చెప్పరా?" అంది రేణు వచ్చి కూర్చుని.

గంటన్నర ఇద్దరూ డాక్టర్ గది తలుపునే చూస్తూ కూర్చున్నారు.

దియ చేతిలో మందుల చీటీతో బయటికి వచ్చింది. "నెక్స్ట్ థర్స్‌డే మళ్లీ రమ్మన్నారు" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినట్టుంది. ఏం అడిగారు, ఏం చెప్పావు అని రేణు నోటిదాకా వచ్చింది. భర్త వైపు చూసి మానేసింది.

తిరుగు దారిలో దియ వెనక సీట్లో కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పైగదిలో తలుపు వేసుకుని పడుకునే నిద్రలా లేదు. చిన్నప్పుడు లాంగ్ డ్రైవ్‌లలో పడుకున్నట్టు నోరు కొంచెం తెరిచి పడుకుంది. హైవే దిగి ఇంటికి వెళ్లే ఎగ్జిట్ దగ్గరపడింది. శ్యామ్‌సుందర్ సిగ్నల్ వేసి, అద్దంలో ఓసారి వెనక్కి చూసి, సిగ్నల్ తీసేశాడు.

"ఎక్కడికండీ?" అంది రేణు మెల్లగా.

"ఎక్కడికీ కాదు. కాసేపు పడుకోనీ."

కారు ఎగ్జిట్ దాటి ఉత్తరం వైపు సాగిపోయింది.