పులుపు తగిలిన మంగళవారం

సుశీలకు అమ్మవారు పూనిందనడానికి, మరాఠీ నేల మీద తెలుగువాళ్ళుండే దాజీ పేట్‌లో ఆ గల్లీ అంతటికీ ఒక గుర్తు ఉంది. ఆషాఢ మంగళవారాల్లో పోచమ్మ గుడి ముందు డప్పు మోగుతుండగా నోటికి నిమ్మకాయ అందిస్తే తొక్కతో సహా నమిలి మింగేస్తుంది. మూతి ముడవదు, కన్ను చెమ్మగిల్లదు. కాపురానికొచ్చిన తొలి ఏడు నుంచీ అంతే. తానేం పలికిందో తర్వాత గుర్తుండేది కాదు. గాఢంగా నిద్రపోయి లేచినట్టు ఒళ్ళు దూదిలా తేలికయ్యేది. ఏడాది పొడవునా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే మనిషికి దొరికే విశ్రాంతి అదొక్కటే.

కానీ పోయిన మంగళవారం నిమ్మకాయ పుల్లగా తగిలింది.

అప్పటికి అమ్మవారు వచ్చి వెళ్ళిపోతోంది. కాళ్ళ కింద తడి నేల తెలుస్తోంది. సరిగ్గా అప్పుడే భర్త రాములు చేతులు జోడించి, "ఇంట్ల ఏమన్న తప్పయితే చెప్పు తల్లీ" అన్నాడు. ఎదురుగా నిరుడు ఇంటికొచ్చిన కోడలు ప్రణాలి, ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, మెళ్ళో ఇంకా గుర్తింపు కార్డుతోనే నిలబడి ఉంది.

"కొత్త కాలు గడప దాటొద్దు. దాటితే గండం," అంది సుశీల. గొంతు అమ్మవారిది. మాట తనది.

ఎందుకన్నదో ఆమెకు తెలుసు. అంతకు ముందు ఆదివారం అన్నం వడ్డిస్తూ ప్రణాలి, మనసులో ఏమీ పెట్టుకోకుండానే, "పూనకమంటే ఒక తీరు నిద్రనే అంట అత్తమ్మా. డప్పు ఒక్కతీరుగ మోగితే మనసు సగం నిద్రపోతదంట. మొబైల్ల చూసిన. బీమారి ఏం కాదంట" అంది. కొడుకు రుషికేశ్ పగలబడి నవ్వాడు. "అంటే మా అమ్మ నిలబడి నిద్రపోతదన్నట్టు, గుర్రం లెక్క!" సుశీల కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ మాటను కొంగున ముడేసుకుంది.

అమ్మవారి మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. కార్ఖానాలో మరమగ్గానికి దండం పెట్టనిదే బటన్ నొక్కని మనిషి రాములు. రుషికేశ్ గొణిగి ఊరుకున్నాడు. ప్రణాలి టవెళ్ళ కంపెనీలో సెలవు అడిగి, అత్త పక్కనే పీట వేసుకుంది.

"నాకూ నేర్పుండ్రి. ఖాళీగ కూసుంటే పిచ్చి లేస్తది."

ఆకు కత్తిరించబోతే వంకర పోయింది. చుట్టిన బీడీ నడుమ ఉబ్బింది. గుడి దగ్గర వేపమండలు పట్టే పక్కింటి ముసలి గంగమ్మ దాన్ని ఎత్తి చూసి, "ఏందే పిల్లా ఇది? ఎనిమిదో నెలున్నట్టుంది!" అంది. అందరికంటే గట్టిగా ప్రణాలే నవ్వింది. ఆ పిల్ల వేళ్ళకు తంబాకు వాసన అంటుకుంటుంటే సుశీల తల ఎత్తలేకపోయింది. కోప్పడినా బాగుండును అనిపించింది.

శుక్రవారం ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ప్రణాలి వాకిట్లోకి వెళ్ళి మరాఠీలో మాట్లాడి, ముఖం కడుక్కుని వచ్చింది.

"బుధారం రాకుంటే ఇంకొకల్లను పెట్టుకుంటరంట," అంది ఆకులు సర్దుతూ. "ఎన్నాళ్ళని అమ్మ చెప్పలే గద అత్తమ్మా. మంగళారం అడుగుదమా?"

"అడుగుదం."

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే ఇన్నేళ్ళుగా పలికినవన్నీ అబద్ధాలే అంటారు. అవి కావు. ఆ ఒక్కటే. అమ్మవారే వచ్చి ఆ మాట తీసేస్తుందని సుశీల ఆశపడింది.

మంగళవారం డప్పు మోగింది. తల మీద పసుపునీళ్ళు పోశారు. సుశీల కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. లోపలి నుంచి రావలసిన వణుకు రాలేదు. పక్క గల్లీలో మగ్గాల చప్పుడు, ఎవరిదో దగ్గు, తన మోకాలి నొప్పి, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. జనం చూస్తున్నారు. ప్రణాలి చూస్తోంది.

సుశీల జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది.

ఎలా ఊగాలో కూడా ఆమెకు తెలియలేదు. తనను తాను ఎన్నడు చూసుకుంది గనుక? వేరే ఆడవాళ్ళు ఊగడం గుర్తు తెచ్చుకుని ఊగింది.

"వచ్చింది, తల్లి వచ్చింది!" అంటూ గంగమ్మ నిమ్మకాయ నోట్లో పెట్టింది. తొక్క చేదు, ఆ వెనకే పులుపు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం ముడుచుకుపోతోంది. గంగమ్మ ఒక్కసారి ముఖంలోకి చూస్తే చాలు, దొరికిపోతుంది.

చెంబెడు నీళ్ళు ఛళ్ళున ముఖాన పడ్డాయి. ప్రణాలి జనానికీ అత్తకూ మధ్యన వచ్చి నిలబడింది. ఇంకో చెంబు పోసింది. కన్నీళ్ళు పసుపునీళ్ళలో కలిసిపోయాయి.

"కొత్త కాలు ఎన్నాళ్ళు ఆగాలె తల్లీ?" రాములు అడిగాడు.

"గండం పోయింది," అంది సుశీల, పులుపు మింగుతూ. "పోనియ్యుండ్రి."

రాములు సాగిలపడి ఆమె పాదాలకు నుదురు ఆనించాడు. ఏటా మొక్కేవాడే. ఆమె మెలకువలో ఉండి చూడడం ఇదే మొదలు. ఆయన తల మీద పలచబడిన వెంట్రుకలు కనబడుతున్నాయి. కాళ్ళు వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోవడానికి లేదు.

తెల్లారి ప్రణాలి చెప్పులేసుకుంటూ, "పోయొస్త అత్తమ్మా" అంది. సుశీల చాటలోంచి తల ఎత్తకుండానే ఊకొట్టింది.

"పెరుగన్నం కలిపి పెట్టిన. మామిడి తొక్కు వేసుకోకుండ్రి. నోరు పూసుంటది."

నిమ్మకాయ నమిలిన మర్నాడు సుశీల నోరు పూయడమన్నది ఎన్నడూ లేదు. ఆ సంగతి గల్లీ అంతా గొప్పగా చెప్పుకుంటుంది. కోడలికీ తెలుసు.

స్కూటీ చప్పుడు మగ్గాల చప్పుడులో కలిసిపోయేదాకా ఆగి, సుశీల లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె మీద మూత తీసింది. ఉప్పు కూడా తక్కువే వేసి ఉంది. అయినా మొదటి ముద్దకే నాలుక భగ్గుమంది.