వెనక సీటు ఖాళీగా ఉన్న శుక్రవారం

నిజ్వా కోట నేను పంతొమ్మిది సార్లు చూశాను. ఒక్కసారి కూడా మా ఆయనతో చూడలేదు. ఆయన రాలేదని కాదు, ప్రతిసారీ తీసుకెళ్ళింది ఆయనే. కానీ కోట మెట్లెక్కేటప్పుడు ఆయన పక్కన ఎవరి మామగారో ఉంటారు, నా చంకలో ఎవరి పసిబిడ్డో ఉంటుంది. పైకెక్కాక ఆయన ఖర్జూర తోటల వైపు చెయ్యి చాపి చరిత్ర చెబుతుంటే, నేను వెనక నిలబడి పాలసీసా మూత వెతుకుతుంటాను. మస్కట్‌లో ఏడుగురు పట్టే కారు కొన్న పాపానికి మా శుక్రవారాలు ఇలా తగలడ్డాయి.

నా పేరు లీలాకుమారి. సొంతూరు పాలకొల్లు పక్కన. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా డయాలసిస్ నర్సుని. మా ఆయన మనోహరం, అల్ హైల్‌లో ఒక గ్యారేజీలో స్పేర్ పార్టుల స్టోరు చూస్తారు. ఆయనకి ప్రతి శుక్రవారం సెలవు. నాకు డ్యూటీ చార్టులో ఎలా పడితే అలా. నెలకి రెండు శుక్రవారాలు దొరికితే గొప్ప. ఇక్కడ చర్చిలో ఆరాధన కూడా శుక్రవారమే కాబట్టి పొద్దున అది అయిపోగానే, విజిట్ వీసా మీద ఇండియా నుంచి దిగిన ఎవరో ఒకరి అత్తగారు మా కార్లో ఎక్కి కూర్చుంటుంది. పెద్ద మసీదు, మత్రా బజారు, నిజ్వా కోట. దార్లో నేను చేసిన చికెన్ వేపుడు, నిమ్మకాయ పులిహోర. "వదిన చేతివంట అమృతం" అని వాళ్ళు, "ఇంకాస్త వేసుకోండి" అని ఈయన. మాకు పిల్లల్లేరు. అందుకని మాకు బోలెడు తీరిక ఉంటుందని అందరి నమ్మకం.

మూడు వారాల క్రితం ఐర్లాండు నుంచి మెయిల్ వచ్చింది. కార్క్ అనే ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు పోయి, మూడోసారి గట్టెక్కి, రెండేళ్ళు కూర్చుని తెచ్చుకున్నాను. ఆదివారం లోపల జవాబివ్వాలి. నేను వెళ్తానన్నది ఖాయం. ఆయన వస్తారో రారో అన్నదే తెలీదు. అడిగితే "చూద్దాం లీలా" అంటారు. ఇంట్లో నిలదీద్దామంటే ఫోను మోగుతుంది. కార్లో నిలదీద్దామంటే వెనక అయిదుగురు. ఆయన లేకుండా వెళ్ళగలను. వెళ్ళాలని లేదు. మూడు వారాలుగా నాకు అన్నం సహించకపోవడానికి కారణం అదే.

ఈ శుక్రవారం నాకు సెలవు పడింది. ఇక ఇదే ఆఖరి అవకాశమని గురువారం సాయంత్రం డ్యూటీ దిగుతూనే నిశ్చయించుకున్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఆయన ఫోను మోగింది. ఓబయ్య. గ్యారేజీలో ఈయనతో పాటు పనిచేసే కడప మనిషి. స్పీకరులో గొంతు ఇల్లంతా వినబడింది.

"అన్నా, మా అత్తామామ వచ్చినారు. రేపు నిజ్వాకు పోదామా? ముసిలాయన ఒకటే అడుగుతాండాడు."

"దాందేముంది ఓబయ్యా, వెళ్దాం" అన్నారు మా ఆయన, నా మొహం కూడా చూడకుండా.

నేను ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నాను. "ఓబయ్యా, రేపు కుదరదు. మాకు చుట్టాలొచ్చారు."

"అట్లనా? ఎవరొచ్చినారు వదినా?"

"నేను."

 "సరే వదినా" అని పెట్టేశాడు పాపం.

"అదేం మాట లీలా? వాడేమనుకుంటాడు?" అన్నారు మా ఆయన.

"అనుకోనివ్వండి. ఎనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందర్నీ తిప్పారు. రేపు నన్ను తిప్పండి. సూర్ దారిలో వాదీ షాబ్ ఉందటగా, కొండల మధ్య వాగు, అక్కడికి. వెనక సీట్లో చంటిపిల్ల కూడా ఉండటానికి వీల్లేదు. నేను అడగాల్సింది ఒకటుంది. మీరు చెప్పాల్సింది ఒకటుంది."

"ఇక్కడే అడగొచ్చుగా" అనబోయారు. ఇంతలో మళ్ళీ ఫోను మోగింది. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన తల దించుకుని ఫోను కట్ చేశారు.

పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. దేవుడికి ఆ ఒక్క శుక్రవారం సెలవు చెప్పాను, ఆయనైనా అర్థం చేసుకుంటాడని. మా ఆయన మాత్రం పండక్కి బట్టలు పెట్టని కొత్తల్లుడిలా మూతి బిగించుకుని నడుపుతున్నారు. అలవాటు చొప్పున నిమిషానికోసారి అద్దంలో వెనక సీటు చూసుకుంటున్నారు. ఖురియాత్ దాటాక ఎడమ పక్క సముద్రం, కుడి పక్క బోడి కొండలు మొదలయ్యాయి. అప్పుడిక ఆయన నోరు ఆగలేదు.

"ఈ రోడ్డు వెయ్యకముందు సూర్ వెళ్ళాలంటే, లోపల కొండల్లోంచి చుట్టూ తిరిగి రోజంతా వెళ్ళేవాళ్ళు" అని గట్టిగా మొదలెట్టారు.

"ఎందుకండీ అరుస్తారు? పక్కనే ఉన్నాను."

"అలవాటైపోయింది" అని నవ్వేశారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు అయిపోయాక ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు.  పదిహేడేళ్ళ కాపురంలో మేం మాట్లాడుకున్నదంతా వేరేవాళ్ళ గురించే అని అప్పుడు తెలిసింది. ఎవరి వీసా ఎంతవరకు వచ్చింది, ఎవరి పిల్లకి జ్వరం తగ్గింది, ఎవర్ని ఎయిర్‌పోర్టులో దింపాలి. అవన్నీ తీసేస్తే మా దగ్గర ఏమీ మిగల్లేదు. నాకు నిజంగానే భయమేసింది.

వాదీ దగ్గర కారు ఆపి దిగామో లేదో, పక్కన ఎవరో "ఒరేయ్, జారతావురా" అని పిల్లాణ్ణి కేకేశారు. మా ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"తెలుగువాళ్ళు లీలా. పలకరించొస్తాను."

నేను ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను. వదల్లేదు. చిన్న పడవలో నీళ్ళు దాటి అవతలి ఒడ్డుకి చేరేదాకా అలాగే పట్టుకున్నాను. పడవవాడు మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వాడు. కొత్త జంట అనుకున్నాడో, నేను ఆయన్ని పోలీసులకి అప్పజెప్పడానికి తీసుకెళ్తున్నాననుకున్నాడో.

అవతల అరటి మొక్కలు, ఖర్జూర చెట్లు దాటితే ఇంక దారంతా బండలే. రెండు పక్కలా ఆకాశాన్ని సగం మూసేసిన కొండలు. ఆయన ముందు ఎక్కి నాకు చెయ్యందించేవారు. నన్ను పైకి లాగాక, మళ్ళీ చెయ్యి కిందికి చాపేవారు, నా వెనక ఇంకెవరో ఉన్నట్టు. ఎవరూ లేరు. రెండోసారి కూడా అలాగే చేశారు. మూడోసారి ఆ ఖాళీ చేతిని చూసుకుని సిగ్గుపడి జేబులో పెట్టుకున్నారు. నాకు జాలేసింది. జాలి పడితే అడగలేనని గబగబా ఒక చదును బండ మీద కూర్చున్నాను. ఎదురుగా నీళ్ళు పచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పండి. ఐర్లాండు వస్తారా, రారా?"

"ముందు ఆ పైన, వాగు చివర కొలను దాకా వెళ్దాం. అక్కడైతే..."

"నేనిక్కణ్ణుంచి కదలను."

 ఆయన మూరెడు దూరంలో కూర్చున్నారు.

"నేనిక్కడికొచ్చిన మొదటి రెండేళ్ళు నీకు గుర్తున్నాయా?" అన్నారు.

"లేకేం. నాకన్నీ నైట్ డ్యూటీలు. ఇంటికొచ్చేసరికి మీరు వేడిగా అన్నం వండి ఉంచేవారు."

"నాకేం గుర్తుందో చెప్తాను విను. నీ వీసా మీద వచ్చాను. పని లేదు. పగలు నువ్వు నిద్రపోతే చప్పుడు చెయ్యకూడదని కిటికీ దగ్గర కూర్చుని ఎదురు బిల్డింగు ఏసీలు లెక్కపెట్టేవాణ్ణి. నలభై రెండు. ఆరాధనకి వెళ్తే, ఈయన నర్సుగారి భర్త అనేవాళ్ళు. అంతే. పేరు అడిగినోడు లేడు. లైసెన్సుకి డ్రమ్ముల మధ్య కారు వెనక్కి నడపాలిగా, నాలుగుసార్లు తప్పాను. అయిదోసారి ఇచ్చారు. కారు కొన్న వారానికి ఒకడు ఫోన్ చేసి, మనోహరం అన్నా, ఎయిర్‌పోర్టులో దింపుతావా అన్నాడు. మనోహరం అన్నా అన్నాడు లీలా. ఫోను పెట్టేశాక బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను."

నీళ్ళ వైపు చూస్తూ చెప్పారు ఇదంతా. తర్వాత ఇంకా నెమ్మదిగా అన్నారు, "అక్కడికొస్తే మళ్ళీ ఆ కిటికీయే. యాభైకి దగ్గరపడ్డాను. ఇంకోసారి పడే ఓపిక నాకు లేదు."

నాకు ముందు కోపమొచ్చింది. "ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు అలిసిపోయి వచ్చేదానివి" అన్నారు.

ఆ మాటతో నా కోపం చచ్చిపోయింది. లోకంలోని అత్తగార్లందరూ నాకంటే ఈయనకి ఎక్కువని ఎనిమిదేళ్ళుగా కుళ్ళుకుంటున్నాను. ఆ గదిలో ఈయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి వెళ్ళింది నేనేనని ఒక్కరోజూ తట్టలేదు. తలుపుకి తాళం ఒక్కటే తక్కువ. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అయినా వెనక్కి తగ్గితే తర్వాత ఈయన్నే తిట్టుకుంటూ బతుకుతానని నాకు తెలుసు. నా సంగతి నాకు తెలియదా.

"నేను వెళ్తున్నానండీ. అది మారదు. మిమ్మల్ని అనుమతి అడగలేదు. తోడు అడిగాను."

 పైన కొలను దాకా వెళ్ళనే లేదు. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యకుండానే తిరిగి పడవెక్కాం.

కార్లో కూర్చుని ఫోనులో ఆసుపత్రివాళ్ళ ఫారం తెరిచాను. పేరు, పాస్‌పోర్టు, చేరే తేదీ, అన్నీ అక్కడే నింపేశాను. ఒక్క గడి మిగిలింది. మీతో ఎవరైనా వస్తున్నారా అని. అవునో కాదో నొక్కాలి. ఆయనకి చూపించాను.

"ఇది నేను నొక్కను. మన ఇంటి ముందు కారు ఆగేలోపు మీరు నొక్కకపోతే, కాదని నొక్కి పంపేస్తాను. తర్వాత ఏడుస్తాను. కానీ పంపేస్తాను."

ఆయన కారు స్టార్ట్ చేశారు. ఈసారి అద్దంలోకి చూడలేదు. రోడ్డు గురించి చెప్పలేదు. నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని, మైలురాళ్ళు చూస్తూ కూర్చున్నాను. మస్కట్ నూట ఇరవై కిలోమీటర్లయింది, నూరయింది.  ఆయన ఒక్కసారి పిలిస్తే చాలు, ఏడ్చేసి అంతా మానుకుంటాననిపించింది. పిలవలేదు.

ఖురియాత్ దగ్గరపడుతుండగా ఉన్నట్టుండి అడిగారు.

"అక్కడ కార్లు ఏ పక్కన నడుస్తాయి?"

"ఎడమ పక్కన. మన ఇండియాలోలాగే."

ఇంకో రెండు కిలోమీటర్లు పోయాయి.

"అయితే మళ్ళీ పరీక్ష పెడతారు."

"పెడతారు."

"మళ్ళీ తప్పుతాను."

"తప్పండి. నేను ఇంగ్లీషు రెండుసార్లు తప్పాను. చచ్చిపోయానా?"

ముందు పెట్రోలు బంకు కనిపించింది. ఆయన లోపలికి తిప్పి, ఓ పక్కగా ఆపి, కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చాపారు. ఫోను ఇచ్చాను.  ఆయన అవును మీద నొక్కారు. కింద ఇంకో నాలుగు గడులు తెరుచుకున్నాయి. పేరు, బంధుత్వం, వయసు ఒక్క వేలితో నింపుతూ వచ్చి, ఆఖరి దాని దగ్గర ఆగిపోయారు.

"వృత్తి అట" అన్నారు. నవ్వబోయారు గానీ పెదవి సరిగ్గా కుదరలేదు. "నర్సుగారి భర్త అని రాసెయ్యనా?"

"రాయండి" అన్నాను. "ఈ దేశంలో ఆసుపత్రి బయట నా పేరు ఎంతమందికి తెలుసో లెక్కపెట్టండి. మనోహరం అన్న భార్యని. ఎనిమిదేళ్ళుగా అంతే. ఓబయ్య ఇన్నేళ్ళు నా చేతి పులిహోర తిన్నాడుగా, నా పేరు చెప్పమనండి చూద్దాం."

"ఓబయ్యకి తెలీకపోవడమేంటి?"

"అడగండి."

ఆయన నిజంగానే తన ఫోను తీసి కలిపారు. "ఓబయ్యా, మీ వదిన పేరేంటి?"

"పేరా?" అన్నాడు ఓబయ్య.  వెనకాల ఎవర్నో అడుగుతున్నట్టు గుసగుస వినబడింది. "వదిన... వదినే గదన్నా. ఏమైంది?"

"ఏం లేదు. తర్వాత చేస్తాను" అని ఈయన ఫోను పెట్టేశారు. పెట్టేసి, ముందు అద్దంలోంచి పెట్రోలు పోయించుకుంటున్న కార్లని చూస్తూ ఉండిపోయారు. ఆయన మొహంలో ఏముందో నేను చూడదలుచుకోలేదు. చూస్తే నా మొహంలో ఉన్నది ఆయన చూస్తారు.

తర్వాత ఫారంలో స్టోర్ కీపర్ అని ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టారు. ఒకసారి సరిచూసుకుని ఫోను నా చేతిలో పెట్టారు.

"పంపు, లీలాకుమారీ" అన్నారు.

పెళ్ళిరోజు పాస్టరుగారి ముందు ప్రమాణం చేసినప్పుడు తప్ప, ఆయన నోట నా పూర్తి పేరు ఎప్పుడూ వినలేదు. పంపేశాను.