రేపటి క్లాసు

1977లో నేను నంద్యాలలో బీఎస్సీలో చేరాను. మాది ఆళ్లగడ్డ పక్కన చిన్న పల్లె. మా నాయన రామయ్యకు నల్లరేగడి పొలం, రెండు జతల ఎద్దులు, ఊళ్లో మంచి పేరు ఉండేవి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. ఇంటర్ దాకా ఆళ్లగడ్డలో తెలుగులో చదువుకున్నాను. మార్కులు బాగానే వచ్చాయి. నంద్యాలలో ఒక గది అద్దెకు మాట్లాడి, బియ్యం మూట, కిరసనాయిలు స్టవ్ పెట్టించి, "బాగా చదువుకో నరసింహులూ" అని చెప్పి మా నాయన బస్సెక్కాడు.

మొదటి క్లాసు కెమిస్ట్రీ. గురుస్వామి సారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాలో వచ్చి, ఇంగ్లీషులో మొదలుపెట్టి బెల్లు కొట్టేదాకా ఇంగ్లీషులోనే చెప్పాడు. మధ్యలో ఆయన ఏదో అంటే ముందు వరసల వాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వడం చూసి నేనూ నవ్వాను. పది రోజులు అలాగే గడిచాయి. పదకొండో రోజు సారు నావైపు చెయ్యి చూపించి ఏదో అడిగాడు. లేచి నిలబడ్డాను. ప్రశ్న ఏమిటో కూడా తెలియలేదు. సారు కాసేపు చూసి, కోపం లేకుండానే, "సిట్ డౌన్" అన్నాడు. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో. కోపం లేని ఆ మాట మాత్రం లోపల గుచ్చుకుంది.

మరునాడు ఆ క్లాసుకు పోలేదు. ఆ తర్వాతా పోలేదు. గదిలో కూర్చుంటే అద్దెకిచ్చిన ఇంటివాళ్లు అడుగుతారని రైల్వే స్టేషన్‌కు పోయి బల్ల మీద కూర్చునేవాణ్ణి. గూడ్సు బండ్ల డబ్బాలు లెక్కపెట్టేవాణ్ణి. ఒక్కోరోజు కుందూ ఏటి గట్టు దాకా నడిచేవాణ్ణి. ప్రాక్టికల్స్‌కు మాత్రం పోయేవాణ్ణి. అక్కడ మాటలతో పని తక్కువ, చేతులతో పని ఎక్కువ. శనివారం బస్సుకు ఊరికి పోతే మా నాయన ఒకే మాట అడిగేవాడు.

"చదువుతాండావా?"

"ఆ, చదువుతాండా."

అంతకంటే ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

డిసెంబరు మొదట్లో హాజరు తక్కువైన వాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఆ కాగితాన్ని జిగురు పూసి అంటించినవాడు కెమిస్ట్రీ ల్యాబు అటెండరు యేసుదాసు. నలభై ఏళ్ల మనిషి. ఖాకీ చొక్కా, ఆసిడ్లకు పసుపు తిరిగిన వేళ్లు. కాలేజీలో చిన్నా పెద్దా అందరూ ఆయనను "యేసుదాసూ" అనే పిలిచేవాళ్లం. కాగితంలో పైనుంచి నాలుగో పేరు నాది. నేను చదువుకుంటుంటే ఆయన పక్కకు జరిగి నిలబడ్డాడు.

"నరసింహులంటే నువ్వే కదప్పా? ప్రాక్టికల్స్‌లో పిప్పెట్టు బాగా పడ్తావు. క్లాసుకు ఎందుకు రావు?"

"ఒంట్లో బాగుండదు."

"స్టేషన్ బల్ల మీద కూర్చుంటే బాగుంటాదా?"

నేను మళ్లీ బోర్డువైపు తిరిగాను.

"ల్యాబు మందుల పార్సిలు తెచ్చేదానికి స్టేషన్‌కు పోతాంటా. నాలుగైదు మాట్లు చూసినా. ఎవురికీ చెప్పలేదులే. ఏందీ సంగతి?"

ఆ ఆరు నెలల్లో ఆ మాట నన్ను అడిగిన మనిషి ఆయన ఒక్కడే. నోటి నుంచి నిజం వచ్చేసింది. "సారు చెప్పేది ఒక్క ముక్క అర్థం కాదు. ఆడ కూర్చోవాలంటే సిగ్గయితాది."

ఆయన నవ్వలేదు. "నాకు రెండేండ్లు అర్థం కాలే" అన్నాడు.

"నీకా?"

"ఐదో తరగతితో బడి మానినోణ్ణి. ఈ పనిలో చేరి పదిహేడేండ్లయింది. క్లాసు గదికి ఆనుకొని చిన్న గది లేదా, సామాన్లు సిద్ధం చేసేది? ఆడ నిలబడి వింటాంటా. ఏటేటా అవే పాఠాలు, అవే మాటలు. విని విని ఎక్కినాయి." చేతికంటిన జిగురు తుడుచుకొని, "రేపు మధ్యాన్నం అన్నం బెల్లు కొట్టినాక ఆ గదికి రా. ఎల్లుండి సారు ఏం చెప్తాడో రేపే నీకు చెప్తా. తెలుగులో చెప్తా. ఎల్లుండి క్లాసులో కూర్చో. చూద్దాం" అన్నాడు.

"ఎల్లుండి ఏం చెప్తాడో నీకెట్ల తెలుసు?"

"డిసెంబరు మొదటి వారం గదా. ఈక్విలిబ్రియం."

నమ్మకం లేకుండానే పోయాను. సీసాల మధ్య స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి, తాను నిలబడి మొదలుపెట్టాడు. ముందు సారు ఇంగ్లీషులో అనే మాట అలాగే అంటాడు. తర్వాత దాన్ని తెలుగులో విప్పుతాడు. మధ్యలో "ఈడ సారు కండ్లద్దాలు తుడుచుకుంటాడు" అనేవాడు. "ముందు ఇది ఇంకో రకంగా చెప్తాండె. అరవైఎనిమిదిలో పుస్తకం మారింది" అనేవాడు.

"ఈక్విలిబ్రియం అంటే ఏందంటే, మీ ఆళ్లగడ్డ సంత అనుకో. ఈ దావన పదిమంది లోపలికి పోతాండారు. ఆ దావన పదిమంది బయటికి వస్తాండారు. సంతలో జనం ఎంతుంటారు?"

"అంతే ఉంటారు."

"చూసేటోనికి ఏమీ జరగనట్టే ఉంటాది. జరగకేం, జరుగుతానే ఉంటాది. పోయేదీ వచ్చేదీ సమానం, అంతే. ఇప్పుడు ఒక దావకు అడ్డం పెట్టినావనుకో, ఏమైతాది?"

నేను చెప్పాను. ఆయన తల ఊపాడు. "అదే రేపు సారు గంటసేపు చెప్తాడు."

మరునాడు వెనక వరసలో కూర్చున్నాను. గురుస్వామి సారు నోరు తెరవగానే మొదటి వాక్యం నాకు తెలిసినదే. రెండోదీ తెలిసినదే. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నప్పుడు నవ్వు ఆపుకున్నాను. ఇంగ్లీషు మాటలు తెలిసిన మనుషుల్లా ఒక్కొక్కటే వచ్చి నా పక్కన కూర్చున్నాయి. గంట ఎప్పుడయిందో తెలియలేదు. క్లాసు అయ్యాక మెట్ల మీద కూర్చున్నాను. ఆరు నెలలుగా నేను మొద్దునని నమ్ముతూ వచ్చాను. అది నిజం కాదని ఆ రోజు తెలిసింది.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం ఆ గదికి పోయేవాణ్ణి. నా డబ్బాలో అన్నం, యేసుదాసు భార్య హన్నమ్మ పంపిన జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి కలిపి తినేవాళ్లం. మొదటి రోజు ఆయన తన రొట్టె తీసుకొని పక్కకు తిరిగి కూర్చున్నాడు. మా ఊళ్లో మా ఇంటివాళ్లు, ఆయన వాళ్లు కలిసి తినరు. అది ఇద్దరికీ తెలుసు. నేను స్టూలు జరిపి ఎదురుగా కూర్చొని, "రొట్టె పెట్టన్నా" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖం చూసి, సగం విరిచి ఇచ్చాడు. అప్పటి నుంచి ఆయన నాకు యేసుదాసన్న.

కొన్నాళ్లకు నాకు ఒక విషయం తెలిసింది. అన్నకు పాఠమంతా చెవుల్లోనే ఉంది. సీసాల మీద పేర్లు చదవగలడు కానీ ఈక్వేషన్ ఎలా రాస్తారో ఎప్పుడూ చూడలేదు. ఆయన నిలబడే చోటి నుంచి బోర్డు కనపడదు. నేను సుద్దముక్క తీసుకొని బీరువా తలుపు మీద రాసి చూపించాను. మధ్యలో ఎదురెదురుగా రెండు బాణాలు గీశాను.

"ఓ, రెండు బాణాలా" అన్నాడు ఆయన, దగ్గరికి వచ్చి వంగి చూస్తూ. "సారు రివర్సిబుల్ అన్నప్పుడల్లా సుద్ద రెండు మాట్లు గీసిన సద్దు వస్తాది. ఎందుకో తెల్వకపాయె ఇన్నేండ్లు."

అప్పటి నుంచి ఆయన నాకు చెప్పేవాడు, నేను ఆయనకు రాసేవాణ్ణి.

జనవరిలో ఒకరోజు సారు క్లాసులో అందరినీ వరసగా అడుగుతూ నా దగ్గరికి వచ్చాడు. ఈక్విలిబ్రియం గురించే. నేను లేచి, ఇంగ్లీషు సరిగ్గా కుదరక సగం తెలుగులో, సంత పోలికతో చెప్పాను. సారు దగ్గరికి వచ్చాడు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అని ఇంగ్లీషులోనే అడిగాడు.

ముందు వరసల వాళ్లందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. అటెండరు దగ్గర పాఠం నేర్చుకున్నానని చెప్పడానికి నాలుక తిరగలేదు.

"పుస్తకంలో సార్" అన్నాను.

సారు "గుడ్" అని ముందుకు పోయాడు. పక్కగది అరతలుపు అవతల గాజు గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఒక్కసారి ఆగింది. తర్వాత మళ్లీ మొదలైంది.

మధ్యాహ్నం పోయాను. యేసుదాసన్న ఏమీ జరగనట్టే రొట్టె విరిచి ఇచ్చాడు, మరునాటి పాఠం మొదలుపెట్టాడు. ఆయన ఒక్క మాట అని ఉంటే నాకు తేలికయ్యేది.

"అన్నా, పొద్దున..." అన్నాను.

"ఇను ముందు. రేపటిది కష్టమైన పాఠం" అన్నాడు.

మరునాడు సారు హాజరు పిలిచి రిజిస్టరు మూసేలోగా లేచి నిలబడ్డాను. తెలుగులోనే చెప్పాను. "సార్, నిన్న నేను అబద్ధం చెప్పినా. అది పుస్తకంలో లేదు. నాకు రోజూ యేసుదాసన్న చెప్తాడు. ఆయన చెప్తేనే నేను క్లాసుకు వస్తాండా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గురుస్వామి సారు రిజిస్టరు మూశాడు. "పుస్తకంలో లేదని నాకు నిన్ననే తెలుసు" అన్నాడు. ఆయన నోట మొదటిసారి క్లాసులో తెలుగు విన్నాం. పోయి పక్కగది తలుపు పూర్తిగా తెరిచాడు. తడి చేతులతో యేసుదాసన్న అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఎన్నేళ్ల నుంచి వింటున్నావు యేసుదాసూ?"

"పదిహేడేండ్లు సార్. తప్పయితే..."

"తప్పు నాది" అన్నాడు సారు. "పదిహేడేళ్లుగా నువ్వక్కడ ఉన్నావు, నాకు తెలియదు." మమ్మల్ని ఒక కుర్చీ తెమ్మన్నాడు. బోర్డు కనపడేట్టు తలుపు దగ్గర వేయించాడు. యేసుదాసన్న ఆ రోజు కూర్చోలేదు, దాని వీపు పట్టుకొని నిలబడే విన్నాడు. వారం తర్వాత కూర్చున్నాడు. ఇంకో మార్పు కూడా వచ్చింది. ఆ నెల నుంచి సారు ప్రతి క్లాసులో చివరి పది నిమిషాలు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. నాలాంటివాళ్లు ఆ గదిలో ఇరవైమంది దాకా ఉన్నారని అప్పుడు బయటపడింది.

మార్చి దాకా నేను ఒక్క క్లాసు కూడా పోగొట్టుకోలేదు. ప్రాక్టికల్స్‌వి కూడా కలిపితే హాజరు సగం దాటింది. మిగిలిన లోటు మాఫీ చేయమని సారు ప్రిన్సిపాలుకు తానే రాశాడు. పరీక్షలో కెమిస్ట్రీలో నాకు క్లాసులో మూడో మార్కు. ఆ ఎండాకాలం మా నాయనకు జరిగిందంతా చెప్పాను, స్టేషన్ బల్లతో సహా. ఆయన అంతా విని, "ఆ మనిషికి మన చేలో కందులు ఒక మూట పంపు" అన్నాడు. నేనే బస్సు మీద వేసుకొని పోయి హన్నమ్మకు ఇచ్చాను.

డిగ్రీ అయ్యాక తిరుపతిలో ఎమ్మెస్సీ చేసి, 1982లో ఆళ్లగడ్డలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేరాను. మరుసటి ఏడాది ఒకరోజు కాలేజీ వదిలే వేళకు యేసుదాసన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తల సగం నెరిసింది. చేతిలో మడత నలగని ఒక ఫారం.

"ఓపెన్ యూనివర్సిటీ అంట. టెన్తు లేకపోయినా పరీక్ష ఒకటి రాసి పాసయితే బీయేలో చేర్చుకుంటారంట. నలభైఆరేండ్లోణ్ణి, నవ్వుతారేమోనని ఆడ ఎవుర్నీ అడగలే. ఇది సరిగ్గా నింపినానా చూడు."

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా దిద్దే పని పడలేదు.

పరీక్ష పాసయ్యాడు. క్లాసులు ఆదివారాలు. హన్నమ్మ ఒప్పుకోలేదు. "ఆదివారం గుడి మాని కాలేజీ ఏందీ, ఈ వయసులో?" అంది. ఆయన వాదించలేదు. తెల్లవారుజామున ఆరాధనకు ఇద్దరూ కలిసి పోయి, అటునుంచి అటే ఆయన క్లాసుకు పోయేట్టు కుదుర్చుకున్నాడు. రెండో నెల నుంచి హన్నమ్మే ఆయన సంచిలో రొట్టె, పలక సైజు నోటుబుక్కు సర్ది గుడి వాకిట్లో ఇచ్చి పంపేది. మూడేళ్లలో ఆయన మానింది ఒకే ఒక్క క్లాసు, కూతురు సలోమి పెళ్లినాడు. ఆ నోట్సు కోసం మరుసటి వారం తన కొడుకు వయసున్న కుర్రాణ్ణి బతిమాలుకున్నానని చెప్పి నవ్వాడు.

1987 జూన్‌లో ఫలితం వచ్చింది. సెకండ్ క్లాసు. ఆ ఆదివారం హన్నమ్మను వెంటబెట్టుకొని ఆళ్లగడ్డకు వచ్చాడు. ఆ రోజు మా నాయన కూడా ఊరి నుంచి వచ్చి ఉన్నాడు. బనగానపల్లె మామిడిపండ్లు కోసి పెట్టాను. మా నాయన తన ముందున్న పళ్లెం ఆయనవైపు జరిపి, "తిను సామీ. మావోణ్ణి మనిషిని చేసినావు" అన్నాడు. యేసుదాసన్న ఒక ముక్క తీసుకొని, పళ్లెం మళ్లీ మా నాయనవైపు జరిపాడు. హన్నమ్మ నావైపు చూసి, "ఇంగ చాలనమని చెప్పు నాయనా. ఎమ్మే అంటాండాడు" అంది.

"ఏ సబ్జెక్టన్నా?" అని అడిగాను.

"ఏదైనా పర్వాలే" అన్నాడు యేసుదాసన్న. "బాగా చెప్పే సారు ఎవురో నువ్వు కనుక్కో. ఆ క్లాసుకు పోతా."

కనుక్కుంటానని మాట ఇచ్చి, ఇద్దరినీ నంద్యాల బస్సెక్కించాను.