నీలి మంట ఆరకముందే

నా నోరు ఊరుకోదు. మా ఆయన బతికున్నన్నాళ్లూ అదే అనేవాడు, పక్కింటి సల్మే కూడా అదే అనేది.

వల్గా అనే మా మంచు ఊళ్లో మావి పక్కపక్కనే ఉన్న చెక్క ఇళ్లు. ఎవరి కట్టెలు వాళ్ల గోడవారన పేర్చుకుంటాం కాబట్టి, ఎవరు ఎంత కాల్చారో వీధిలో అందరికీ తెలుస్తుంది. జనవరి సగానికే సల్మే కట్టెలు మోకాళ్ల దాకా దిగిపోయాయి. నావి ఇంకా భుజాల ఎత్తున ఉన్నాయి.

"మార్చి దాకా ఎట్లా వస్తాయే ఇవి?" అన్నాను.

"అదే భయంగా ఉందక్కా. మళ్లీ కొనే శక్తి నాకు లేదు."

పాపం అనిపించింది. పిండి జిగురు ఉడకబెట్టి, దాని కిటికీ సందులన్నిటికీ కాగితం పట్టీలు అంటించాం. తలుపు కింద పాత కోటు చుట్టి పెట్టాం. పడకగది మూసేసి, మంచం పొయ్యి పక్కకి లాగాం. అన్నీ మంచి పనులే. అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది!

వెళ్లబోతూ పొయ్యిలోకి చూశాను. నిప్పుల మీద ఇంకా నీలి మంట ఆడుతోంది, పొగగొట్టం మూత తెరిచే ఉంది. నీలి మంట పూర్తిగా ఆరితేగానీ ఆ మూత వెయ్యకూడదని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. ముందే వేస్తే విషపు గాలి గదిలోనే ఉండిపోతుంది. దానికి వాసనైనా ఉండదు.

"ఏమే, కాకులకి చలిమంట వేస్తున్నావా? వేడంతా పైకే పోతోంది!"

"నీలి మంట ఆరలేదు కదక్కా."

"పిరికిదానా! నేనైతే ఎప్పుడో మూసేస్తాను. నా కట్టెలు చూడు, నన్ను చూడు. చచ్చానా?"

"నీకేంటి హెల్వే అక్కా, నిన్ను చూస్తే చావే భయపడుతుంది," అని నవ్వింది.

నేను చెప్పింది పచ్చి అబద్ధం. నా జన్మలో నీలి మంట మీద మూత వెయ్యలేదు. కుట్టు క్లాసని చెప్పి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లైబ్రరీలో హీటర్ పక్కన కూర్చునేదాన్ని. నా కట్టెలు మిగిలింది అందుకే. ఇంట్లో చలికి ఆగలేక పోతున్నానని చెప్పుకోవడానికి సిగ్గు.

ఆ తర్వాత మంగళవారం పొద్దున సల్మే ఇంటి మీద పొగ లేదు. పర్లేదే, పొదుపు నేర్చింది అనుకుని లైబ్రరీకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి కూడా కర్టెన్లు వేసే ఉన్నాయి. తలుపు తోశాను, కోటు అడ్డం పడింది. భుజంతో గట్టిగా నెట్టి లోపలికి పోయాను. సల్మే మంచం మీదే ఉంది. బుగ్గలు ఎర్రగా, ఎండలో తిరిగొచ్చినట్టున్నాయి. ముట్టుకుంటే మంచు. పొగగొట్టం మూత వేసేసి ఉంది. కిటికీ తెరుద్దామంటే మేం అంటించిన కాగితం ఊడిరాలేదు. గోళ్లతో చీల్చాను.

పాతిపెట్టి వచ్చాక దాని మేనల్లుడు టూమస్ మా ఇంటికొచ్చాడు. "ఆ కట్టెలు మీరే తీసుకోండి అత్తయ్యా. హెల్వే అక్క నేర్పబట్టే ఈ చలికాలం గట్టెక్కుతున్నానని అత్త ఫోన్లో ఒకటే మురిసిపోయింది."

తలూపాను.

లైబ్రరీకి పోవడం మానేశాను. సల్మే కట్టెలు కాలుస్తూ, నీలి మంట ఆరేదాకా పొయ్యి ముందే కూర్చుంటున్నాను. ఇల్లు వెచ్చగానే ఉంటోంది.